కుక్క క్షౌరము - ఇనాము మర్యాద

పెంపుడు కుక్కకు స్నానము చేయించి, ఉండలు కట్టిన బొచ్చును దువ్వి కత్తిరించి, గోళ్ళు తీసి, చెవులు శుభ్రపరచి యజమానికి అప్పగించుట నేడు అనేక దేశములలో ఒక వృత్తి. ఆ పని చేయువానిని గ్రూమర్ అందురు. పనికి ఒక వెల యున్నది. ఆ వెల చెల్లించిన పిమ్మట పనివాని చేతిలో మరికొంత పైకము ఉంచవలెనా? ఉంచవలసినచో ఎంత? అంగడి యజమానుడే స్వయముగా కత్తెర పట్టినచో అతనికిని ఈయవచ్చునా? అమెరికాలో ఈ ప్రశ్నలకు మర్యాద గ్రంథములు జవాబు చెప్పుచున్నవి. వెలలో నూటికి 15 మొదలు 20 వంతుల వరకు ఇచ్చుట అక్కడి వాడుక. ఆ దేశమున స్థిరపడి కుక్కను పెంచుకొన్న మన తెలుగువారికిని ఈ లెక్క తప్పదు.

ప్రశ్న చిన్నది. దాని వెనుక నున్న చరిత్ర మాత్రము మూడు శతాబ్దుల పొడవు గలది. ఆ చరిత్రను పరిశీలించినచో ఇది కేవలము దాతృత్వమునకు సంబంధించిన విషయము కాదనియు, పనివాని కూలిని ఎవరు చెల్లించవలె నను వివాదమే ఇందు దాగియున్న దనియు బోధపడును.

మొదట మాటలను చూతము. మనము వాడు 'ఇనాము' అరబ్బీ మాట. అనుగ్రహించి ఇచ్చినది అని దాని అర్థము. 'బక్షీసు' పారసీకము నుండి వచ్చినది. దాని మూలమున నున్నది ఇచ్చుట. సంస్కృత పదమైన 'పారితోషికము' పరితోషము కలిగినపుడు ఇచ్చునది. ఈ మూడు మాటలలోను ఇచ్చువాడు మెరకన ఉన్నాడు, పుచ్చుకొనువాడు పల్లమున ఉన్నాడు. ఫ్రెంచివారు దీనిని 'పూర్‌బ్వార్' అందురు, జర్మనులు 'ట్రింక్‌గెల్ట్' అందురు. రెండును త్రాగుటకు ఇచ్చిన పైకమనియే చెప్పును. మనవారు 'కాఫీ ఖర్చులకు ఉంచు' మని చేతిలో పెట్టుటకును దీనికిని ఎంతో దూరము లేదు. ఇంగ్లీషువారి 'టిప్' అను మాట 17వ శతాబ్దిలో దొంగల రహస్య భాషలో 'ఇచ్చు' అను అర్థమున వాడుకలో నుండెను. పని త్వరగా జరుగుటకై ఇచ్చునది అను అర్థము గల మూడు ఇంగ్లీషు మాటల తొలి అక్షరములు కలిసి ఈ పదమైన దని చెప్పు కథ తరువాతివారి కల్పన.

ఈ మాటలన్నిటికంటె మనకు ఎక్కువ పాఠము చెప్పునది 'మామూలు'. అదియు అరబ్బీయే; ఆచారములో నున్నది అని అర్థము. దసరాకో సంక్రాంతికో పనివారికి ఇచ్చు నాలుగు డబ్బులు పండుగ మామూలైనవి. రాను రాను కచేరీ గుమ్మమున కాగితము కదలుటకు చెల్లించు లంచమునకు అదే పేరు స్థిరపడినది. దయగా మొదలైనది వాడుక యగును, వాడుక హక్కగును, హక్కు నిర్బంధ మగును. ఇనాము ఏ దేశమున నడచినను ఈ మెట్ల మీదుగానే నడచినది.

కుక్క క్షౌరము ఒక వీధి వృత్తిగా ప్రసిద్ధి కెక్కినది పారిస్ నగరమున. దానికి కారణము పూడిల్ అను జాతి. ఇది మొదట విలాసమునకు పెంచిన కుక్క కాదు. నీటిలో దూకి, వేటగాడు కొట్టిన బాతును నోట కరచి తెచ్చుట దీని పని. జర్మన్ భాషలో దీని పేరు నీళ్ళలో కొట్టుకొను చప్పుడును సూచించును. ఫ్రెంచివారు దీనిని 'కానిష్' అందురు. ఆ పేరున ఆడబాతు పేరే ఉన్నది. దీని బొచ్చు దట్టమైన ఉంగరముల బొచ్చు. అది తడిసినచో బరువెక్కి ఈతకు అడ్డమగును. అందుచేత వెనుక భాగమున బొచ్చు తీసివేసి, చలి తగులకుండ రొమ్ము మీదను కీళ్ళ మీదను ఉంచెడివారు. వేటగాని అవసరము నగరమునకు వచ్చి వేడుక యైనది. కీళ్ళ మీది బొచ్చు గుండ్రని బంతు లయ్యెను. తోక కొన కుచ్చు కట్టెను.

18, 19వ శతాబ్దులలో సేన్ నది గట్లమీదను, 1607లో పూర్తియైన పోన్ నఫ్ వంతెన పరిసరములను కుక్కల క్షురకులు కూర్చుండెడివారు. ఒక చిన్న పెట్టె, కత్తెర, దువ్వెన - ఇంతే వారి అంగడి. నది చేరువనే ఉన్నది గనుక స్నానమునకు నీటి కొరత లేదు. కుక్కలకు క్షౌరము చేయుట, పిల్లులకు విత్తులు తీయుట, పిలిచినచో ఇంటికి వచ్చుట తమ వృత్తి యని వారు పలక మీద వ్రాసి పెట్టుకొనెడివారు. వెల ముందుగా బేరమాడుకొనవలసినదే. పని నచ్చినచో వెల మీద ఒక చిన్న నాణెము పూర్‌బ్వార్‌గా రాలెడిది. ఇక్కడ ఒక అంశము గమనింపదగినది. ఈ క్షురకునికి పై యజమానుడు లేడు. కత్తెర అతనిది, వెల అతనిది. అదనపు నాణెము రాకున్నను అతని కూలి అతనికి ముట్టినది. కావున ఆ నాణెము నిజముగా సంతోషమునకు గుర్తే.

ఆ వంతెనల మీదనే బూట్లకు మెరుగుపెట్టువారును ఉండెడివారు. వారిలో ఒకని గూర్చి 19వ శతాబ్దపు ఆంగ్ల గ్రంథములలో ఒక కథ కనబడుచున్నది. అతనికి ఒక పూడిల్ కుక్క యుండెను. అది నదిలో దిగి బురదలో పొర్లి, మంచి బూట్లు తొడుగుకొన్నవాడు వచ్చువరకు కాచి, అతని కాళ్ళకు ఒరసికొని పోయెడిది. బూట్లు పాడైన బాటసారి ఎదుటనే కూర్చున్న మెరుగుపెట్టువానిని ఆశ్రయింపక తప్పదు. ఈ యుక్తి కనిపెట్టిన ఒక ఆంగ్లేయుడు ఆ కుక్కను కొని లండను తీసికొనిపోగా, అది తప్పించుకొని మరల పారిస్ చేరి పాత వృత్తిలో ప్రవేశించిన దట! నిజమెంతయో కాని కథలోని భావము మాత్రము గట్టిది. అవసరమును తానే కల్పించి సేవ చేసి డబ్బు పుచ్చుకొను విద్య మనుష్యులకే గాక కుక్కలకును పట్టుబడినది.

పారిస్ వీధిలో సంతోషమునకు గుర్తుగా నున్న నాణెము, పై యజమానుడు గల పనివాని విషయమున ఏమగునో తెలిపినది ఇంగ్లండు. 18వ శతాబ్దిలో అక్కడి గొప్ప ఇండ్లకు విందునకు పోయిన అతిథి తిరిగి వచ్చునపుడు సేవకులందరును గుమ్మము వద్ద వరుసగా నిలిచెడివారు. టోపీ ఇచ్చినవానికి, కోటు తొడిగినవానికి, బండి పిలిచినవానికి, గుఱ్ఱము పట్టినవానికి వేరువేరుగా ముట్టచెప్పవలెను. ఈ పైకమును 'వెయిల్స్' అనెడివారు. కొందరికి బయట భోజనము చేయుటకంటె విందునకు పోవుటయే ఎక్కువ ఖర్చుగా పరిణమించెను. న్యూకాసిల్ ప్రభువు ఇంట భోజనము చేసిన ఒక పెద్దమనిషి వంటవానికి వెండి క్రౌను నాణెము నొకదానిని ఈయబోగా, తాను వెండి పుచ్చుకొననని అతడు తిరస్కరించె నట. అట్లైనచో తాను బంగారము ఈయనని పలికి ఆ పెద్దమనిషి నాణెమును మరల జేబులో వేసికొని వెడలిపోయెనని ప్రసిద్ధి.

ఈ ఆచారమును ఖండించుచు జోనాస్ హాన్‌వే 1760లో లేఖల రూపమున ఒక పుస్తకము ప్రకటించెను. లండను వీధులలో మగవారు గొడుగు పట్టుట నవ్వులాటగా నున్న కాలమున జంకక గొడుగు పట్టి తిరిగినవాడు ఆయనయే. ఆయన వంటివారు చూపిన కీలకము ఇది: సేవకునికి అతిథులు ఇత్తురను ధైర్యముతో యజమానుడు జీతము తగ్గించుచున్నాడు, అనగా తన ఇంటి జీతపు ఖర్చును అతిథి నెత్తిన వేయుచున్నాడు. అదే కాలమున స్కాట్లండులో పెద్దమనుష్యులు సభలు చేసి, వెయిల్స్ ఈయరాదనియు, అందులకు బదులు సేవకుల జీతములు పెంచవలె ననియు తీర్మానించిరి. లండనులో మాత్రము ఈ సంస్కరణ సాఫీగా సాగలేదు. 1764లో రానెలా ఉద్యానమున వెయిల్స్ మానిన దొరల మీద సేవకులు తిరుగబడి అల్లరి చేసిరి. అల్లరి మంచిది కాదు గాని వారి కోపమునకు కారణము లేకపోలేదు. జీతము పెరుగక ముందే వెయిల్స్ తొలగినచో వారి సంపాదనకే గండి పడును.

వెయిల్స్ క్రమముగా తగ్గినను గొప్పవారి పల్లె భవనములలో ఇనాము నిలిచియే యుండెను. వేటకు వచ్చిన అతిథి వేట ముగిసిన పిదప గేమ్‌కీపర్‌కు ఇచ్చుట తప్పని మర్యాద. ఆ గేమ్‌కీపర్ పక్షులను పెంచి కాచువాడు. వేట కుక్కలకు తరిఫీదు నిచ్చువాడును తరచుగా అతడే. కుక్కలతో పనిచేయువానికి ఇనాము ఈయవలె నను ఆనవాయితీ ఆంగ్ల సమాజమున ఈ విధముగా పాదుకొన్నది.

ఇంగ్లీషు దొరలు మన దేశమున కాపురము పెట్టినపుడు కుక్కల కొరకు ప్రత్యేకముగా ఒక సేవకుని ఉంచుకొనెడివారు. 1886లో ప్రకటితమైన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు అతనిని 'డోరియా' యని పేర్కొన్నది. డోరీ అనగా త్రాడు. కుక్క త్రాడు పట్టువాడు డోరియా. అతడు నెల జీతగాడు. మన పల్లెలలో పద్ధతి వేరు. మంగలికి, చాకలికి పని చేసినపుడెల్ల డబ్బు ఇచ్చుట లేదు. పంట నూర్చినపుడు కళ్ళములో వారికి మేర కొలిచెడివారు. కొన్ని వృత్తులవారికి సేవకు ప్రతిగా ఇనాము భూములుండెడివి. ఆంధ్ర ప్రాంతమున 1956 నాటి చట్టము ఆ ఇనాములను రద్దుపరచి రైతువారీ పట్టాలుగా మార్చెను. కులమునకు కట్టుబడిన ఆ ఏర్పాటులో పనివానికి స్వేచ్ఛ లేదు. దానిని పొగడ పనిలేదు. అయినను ఒక మాట చెప్పవలెను. మేర కూలికి పైన వేసిన కానుక కాదు, అదియే కూలి. ఇచ్చువాని సంతోషముతో దానికి నిమిత్తము లేదు. కళ్ళములో మేర అడుగుట యాచన కాదు.

కూలి స్థానమును ఇనాము పూర్తిగా ఆక్రమించుకొన్న కథ అమెరికాలో జరిగినది. అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దైన తరువాత, 1867లో జార్జి పుల్‌మన్ శయన సౌకర్యము గల రైలు పెట్టెలు నడపు కంపెనీని స్థాపించెను. పక్కలు వేయుటకు, బూట్లు తుడుచుటకు, రాత్రి యంతయు మేలుకొని పిలుపునకు పలుకుటకు అతడు విముక్తులైన నల్లవారిని పోర్టర్లుగా చేర్చుకొనెను. ప్రయాణికులు వారిని పేరు పెట్టి పిలువక, యజమానుని పేరైన 'జార్జి' తోనే అందరిని పిలిచెడివారు. పూర్వము బానిసను యజమానుని పేర పిలుచు అలవాటే ఈ రూపమున కొనసాగెను. పోర్టరు జీతము బ్రతుకుటకు చాలదు. మిగిలినది ప్రయాణికుల ఇనాముల నుండి రావలెను. 1915లో ప్రభుత్వ కమిషను విచారణ జరిపినపుడు పోర్టరు నెల జీతము 27 డాలర్ల 50 సెంట్లని తేలెను. ఆ విచారణలో కంపెనీ తరఫున సాక్ష్యము చెప్పిన డైరెక్టర్ల అధ్యక్షుడు రాబర్ట్ టాడ్ లింకన్, అనగా బానిసత్వ నిర్మూలనకు పేరొందిన అబ్రహాం లింకన్ కుమారుడు! చరిత్ర కొన్నిచోట్ల ఎంత కఠినముగా నవ్వునో ఇది ఒక నిదర్శనము.

ఆ కాలముననే ఇనాము మీద అమెరికాలో గట్టి ఉద్యమము లేచినది. ప్రజాస్వామ్యమున పౌరుడు పౌరుని ముందు చేయి చాపరాదని వారి వాదము. విలియం స్కాట్ 1916లో దీనిపై ఒక ఖండన గ్రంథము వ్రాసెను. అంతకు ముందే, 1909లో, వాషింగ్టన్ రాష్ట్రము ఇనామును నిషేధించెను. మిసిసిపి, అర్కాన్సాస్, అయోవా, టెనెసీ మొదలగు రాష్ట్రములు ఆ దారిని నడచినవి. కాని 1926 నాటికి ఈ చట్టము లన్నియు రద్దైపోయినవి. చట్టము చేతిలోని నాణెమును నిషేధించెను గాని, జీతమును పెంచలేదు. అందుచేత అది నిలువలేదు. పోర్టర్లకు మేలు చేసినది నిషేధము కాదు, సంఘము. ఎ. ఫిలిప్ రాండల్ఫ్ నాయకత్వమున 1925లో స్థాపింపబడిన వారి సంఘము పన్నెండేండ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒడంబడిక సాధించెను. జీతము పెరిగెను, పనిగంటలు తగ్గెను.

కాని ఇనామును జీతములో లెక్కకట్టు పద్ధతి అంతరింపలేదు. అమెరికాలో 1938లో కనీస వేతన చట్టము వచ్చెను. 1966లో చేసిన సవరణ, ఇనాము పుచ్చుకొను పనివారి విషయమున ఆ ఇనామును కనీస వేతనములో కొంత భాగముగా లెక్కించుకొను వీలును యజమానులకు కల్పించెను. దాని ఫలితముగా సమాఖ్య చట్టము ప్రకారము యజమానుడు తన చేతి నుండి ఈయవలసిన కనిష్ఠ మొత్తము 1991 నుండి గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. కొన్ని రాష్ట్రములు అంతకంటె ఎక్కువ నిర్ణయించినవి. 1760లో హాన్‌వే ఖండించిన దానికే ఇక్కడ చట్టపు ముద్ర పడినది.

ఇక మరల కుక్క యొద్దకు వత్తము. 1919లో లియో వాల్ విద్యుత్తుతో నడచు క్షౌరయంత్రమును రూపొందించెను. మనుష్యుల తలకు వచ్చిన ఆ సాధనమే తరువాత కుక్క వీపునకును వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో పూడిల్ మీద మోజు పెరిగెను. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పట్టికలలో 1960 నుండి 1982 వరకు ఏటేటను ప్రథమ స్థానము దానిదే. ఈ జాతికి బొచ్చు పెరుగుచునే యుండును గాని తక్కిన కుక్కలకు వలె రాలదు. కొన్ని వారముల కొకసారి కత్తిరింపక తప్పదు. కావున పట్టణ పట్టణమున కుక్కల క్షౌరశాలలు వెలసినవి. అవి స్త్రీల అలంకరణశాలల ననుసరించి ఏర్పడినవి. పేర్లు, కుర్చీలు, గంటల ఏర్పాటుతోపాటు ఇనాము మర్యాదను కూడ అక్కడినుండియే తెచ్చుకొన్నవి.

ఆ మర్యాదలోని నియమములు ఇపుడు మనకు సులభముగా అర్థమగును. అంగడి యజమానునికి ఇనాము అక్కరలేదని పాత నియమము. ఏలన వెల నిర్ణయించునది అతడే, లాభము అతనిదే. అతడు పారిస్ వంతెన మీది క్షురకుని వంటివాడు. జీతగానికి ఈయవలెను, అనేక అంగళ్ళలో అతనికి ముట్టునది వెలలో సుమారు సగము మాత్రమే. కుక్క వెరపుచేత కరవబోయినను, బొచ్చు చర్మము వరకు ఉండలు కట్టియున్నను, ముసలిదై నిలువలేకపోయినను అధికముగా ఈయవలెను. ఆ శ్రమ వెలలో లెక్కకు రాదు. ఉండకట్టిన బొచ్చును కత్తెర చర్మమునకు తగులకుండ తీయుట గంటల పని. దానికి చేతి నేర్పుకంటె ఓర్పు ఎక్కువ కావలెను. క్రిస్మసు పండుగకు ఒక పర్యాయపు వెలకు సమానముగా ఇచ్చువారును కలరు. మన పండుగ మామూలునకు అది చుట్టమే. యజమానునికి ఈయరాదను నియమము మాత్రము ఇటీవల సడలుచున్నది. 2025లో అమెరికా ప్రభుత్వము ఇనాముల ఆదాయమునకు పన్నులో మినహాయింపు నిచ్చుచు చట్టము చేసెను. దానికి అర్హమైన వృత్తులుగా ప్రకటించిన జాబితాలో పెంపుడు జంతువుల పోషణ చేయువారును చేరిరి. వంతెన గట్టున రాలిన చిల్లర నాణెము ప్రభుత్వపు పన్ను లెక్కలోనికి ఎక్కినది.

ఇట్లు కాక మరియొక దారి లేదా యన్నచో, జపాను చూడవచ్చును. టాయ్ పూడిల్ అక్కడ మిక్కిలి ప్రీతిపాత్రమైన జాతి. దాని క్షౌరమును ఆ దేశీయులు ఒక సూక్ష్మ కళగా పెంపొందించినారు. కాని అక్కడ సామాన్యముగా ఇనాము ఈయరు. చెప్పిన వెల చెల్లించి, వంగి నమస్కరించి, కుక్కను తీసికొని పోవుదురు. మంచి పని చేయుట వెలలోనే ఇమిడియున్నదని వారి భావన. కుక్క అదే, కత్తెర అదే. ఇనాము లేకున్నను నేర్పు తగ్గలేదు. ఇనాము లేనిదే పని బాగుండ దను వాదమునకు ఇంతకు మించిన జవాబు లేదు.

మన హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలోను కుక్కల క్షౌరశాలలు వెలసినవి. మర్యాద ఇంకను స్థిరపడలేదు గనుక దానిని మంచి దారిని పెట్టు అవకాశము మనకున్నది. అచటి పనివానికి న్యాయమైన జీతము ముట్టుచున్నచో ఇనాము పారితోషికమే యగును. ఇచ్చినను సొగసు, ఈయకున్నను తప్పు లేదు. జీతమే చాలనిచోట ఇనాము ఈయక బిగబట్టువాడు యజమానునికి బుద్ధి చెప్పినవాడు కాడు, పనివాని కడుపు కొట్టినవా డగును. అటువంటిచోట ఈయవలసినదే, దానితో జీతమును గూర్చి యజమానుని అడుగవలసినదే. రెండవది చేయక మొదటిది మాత్రము చేయుట సగము మర్యాద.

ఇచ్చునపుడు చాటుమాటున విసరక, చేతికి చేయి తగులునట్లు, పేరు పెట్టి పిలిచి, కుక్కను చక్కగా చూచుకొన్నావని ఒక మాట చెప్పి ఈయవలెను. పుల్‌మన్ పోర్టరు కోరినదియు ఆ రెండే - తగిన కూలి, తన పేరు.